అర్ధరాత్రి మూడు రొట్టెలు

మూలవాక్యము: లూకా 11:5–8



మన ప్రభువు చెప్పిన ఉపమానములలో ఇది చాల చిన్నది. అర్ధరాత్రివేళ ఒకడు లేచి పొరుగున నున్న స్నేహితుని తలుపు తట్టుచున్నాడు. దూరమునుండి వచ్చిన అతిథి వాని యింట ఆకలితో కూర్చుండియున్నాడు. ఇంట పెట్టుటకు ఏమియు లేదు. మూడు రొట్టెలు కావలెను. లోపలివాడు పడకమీదనుండియే జవాబు చెప్పుచున్నాడు. గడియ వేసితిననియు, పిల్లలు తనతో పండుకొనిరనియు, ఇప్పుడు లేవజాలననియు వాని మాట. ఆ దేశమున పేదల ఇండ్లకు సాధారణముగా ఒకే గది యుండెడిది. చాపలమీద అందరును వరుసగా పండుకొనెడివారు. ఒకడు లేచిన అందరు లేవవలసినదే. కాబట్టి లోపలివాడు చెప్పినది అబద్ధము కాదు. మనలో అనేకులము చెప్పు సాకులును అబద్ధములు కావు.

ఈ భాగమునుండి మనము మాటిమాటికి ప్రార్థనను గూర్చి బోధింతుము. ప్రభువు దీనిని చెప్పినదియు అందుకొరకే. అయితే ఈ మాసము నేను ఈ వచనములను చదివినప్పుడు తలుపునకు ఇవతల ఒకడు, అవతల ఒకడు నాకు కనబడిరి. ఇవతలివాడు అప్పు అడుగుచున్నాడు. ఆ అవతలివానిని నేను ఎరుగుదును. ఆ సంగతి తరువాత చెప్పెదను.

మన తెలుగు బైబిలులో ఇక్కడ వాడిన మాటను గమనించుడి. అది అప్పు కాదు, బదులు. మన పల్లెలలో చేబదులు అందుము కదా, అదే. చేతితో ఇచ్చి చేతితో పుచ్చుకొనునది. వడ్డీ లేదు, కాగితము లేదు. ఇంకొక మాట ఎరవు. గంప, పలుగు, పెండ్లికి పెద్ద గుండిగ, వీటిని ఎరవు తెచ్చుకొని మరల వాటినే ఇచ్చివేయుదుము. ఎలీషా శిష్యులలో ఒకడు మ్రాను నరకుచుండగా నీళ్లలో పడిపోయిన గొడ్డలి ఎరవు తెచ్చినదే (2 రాజులు 6:5). మూడవది అప్పు. దానికి వడ్డీ యుండును, గడువుండును, సాక్షులుందురు, కుదువ యుండును. మన పెద్దలు ఈ మూటికి మూడు పేర్లు పెట్టిరి. అవసరము వచ్చిన రాత్రి మనము ఈ మూటిని కలిపివేసి, దొరికినచోట దొరికినదానిని పట్టుకొందుము. నష్టము అక్కడనే ప్రారంభమగుచున్నది.

అప్పు చేయుట పాపమా అని కొందరు నన్ను అడుగుచుందురు. ప్రసంగములలో ద్వితీయోపదేశకాండము 28వ అధ్యాయము చదివి, దేవుని బిడ్డలు అప్పిచ్చువారే గాని అప్పు చేయువారు కారని బిగ్గరగా చెప్పుట కొందరికి వాడుక. ఆ మాట ఆకలిగొన్న విధవరాలి నెత్తిన రాయివలె పడును. ఆ వాగ్దానము ఇశ్రాయేలు జనమంతటికి ఇయ్యబడినది. ఒక కూలివాని భక్తిని తూచుటకు ఇచ్చిన త్రాసు కాదు. 2 రాజులు 4వ అధ్యాయము తెరచి చూడుడి. ప్రవక్తల శిష్యులలో ఒకడు చనిపోయెను. అతడు యెహోవాయందు భయభక్తులు గలవాడని అతని భార్య సాక్ష్యమిచ్చుచున్నది. ఎలీషాయు దానిని ఎరిగినవాడే. అట్టి భక్తుడు అప్పుతోనే మరణించెను. అప్పులవాడు ఇద్దరు కుమారులను దాసులుగా పట్టుకొనిపోవుటకు వచ్చియున్నాడు. ఎలీషా ఆమెను చూచి, నీ భర్తకు విశ్వాసము చాలకపోయెనని అనలేదు. ఎందుకు అప్పు చేసిరని నిలదీయలేదు. నేను నీకేమి చేయవలెననియు, నీ యింట ఏమున్నదనియు రెండే ప్రశ్నలు అడిగెను.

ఆ రెండు ప్రశ్నలు నేను అడుగలేదు. ఇప్పుడు ఆ సంగతి చెప్పవలెను.

రెండేండ్ల క్రిందట మిరపకోతల కాలమున కూలివారిని తీసికొనిపోవుచున్న ఆటో ఒకటి మా ఊరి మలుపున తిరగబడెను. మన సంఘపు సహోదరుడొకనికి తొడ ఎముక విరిగెను. 108 బండి వచ్చి పట్టణములోని ఆసుపత్రికి చేర్చెను. దానికి రూపాయి అక్కరలేకపోయెను. అయితే బయట తీయించవలసిన స్కానింగు, బయటి దుకాణమున కొనవలసిన మందులు, తోడుండువారి భోజనము, రానుపోను చార్జీలు ఎవరు ఇచ్చెదరు? ఆ రాత్రి పది గంటలకు అతని భార్య పాస్టరు బంగళా తలుపు తట్టెను. “అయ్యగారూ, ఎనిమిది వేలు కావాలండి. కోతలు అయిపోగానే తెచ్చి ఇచ్చేస్తానండి” అనెను. నా ఇనుప పెట్టెలో అప్పుడు కోతకాల పండుగ కానుకలున్నవి. అవి గుడి చుట్టు గోడకొరకు సంఘము ప్రత్యేకించిన సొమ్ము. అది దేవుని సొమ్ము, పెద్దలను అడుగక తీయరాదు అని నాలో నేను అనుకొంటిని. అబద్ధము కాదు. “అమ్మా, ప్రార్థన చేసికొందము, దేవుడు మార్గము చూపును” అంటిని. మోకరించి ప్రార్థించితిమి. ఆమె కన్నీళ్లు తుడుచుకొని, వందనములు చెప్పి వెళ్లిపోయెను. నేను గడియ వేసి పండుకొంటిని.

మరునాటి ఉదయము ఆమె రోజువారీ ఫైనాన్సువాని యొద్దకు పోయెను. పదివేలు వ్రాసికొని, పదునైదు వందలు ముందే పట్టుకొని, ఎనిమిది వేల ఐదువందలు ఆమె చేతిలో పెట్టిరి. దినమునకు నూరు రూపాయల చొప్పున నూరు దినములు కట్టవలెను. పదివేలకు పదునైదు వందలే కదా అని ఆమెకు తోచెను. మీకును అట్లే తోచవచ్చును. కాని కొంచెము లెక్క వేయుడి. ఆమె చేతికి వచ్చినది ఎనిమిది వేల ఐదువందలే. అదియైనను నూరు దినములు పూర్తిగా ఆమెయొద్ద నుండలేదు. మొదటి దినమునుండియే తిరిగి పోవుచుండెను. ఏబది దినములు గడచునప్పటికి సగము కట్టివేసియున్నది. ఈ విధముగా చూచిన యెడల, నెలకు నూటికి సుమారు పది రూపాయల వడ్డీ పడును. సంవత్సరమునకు నూటికి నూట ఇరువది అన్నమాట. పది రూపాయల వడ్డీ అని ముందే చెప్పియుంటే ఆమె ఉలిక్కిపడియుండెడిది. దినమునకు నూరు అనగానే ఉలికిపాటు లేదు.

కూలి దొరికిన దినమున మూడువందలో నాలుగువందలో వచ్చును. వాన కురిసిన దినమున ఏమియు రాదు. భర్త మంచమున నున్నాడు. ఇరువది దినములు కాకమునుపే వాయిదాలు తప్పెను. ఆ మొదటి అప్పు కట్టుటకు ఇంకొకచోట రెండవ అప్పు చేసెను. దానికి జామీను మన సంఘములోని ఇంకొక అక్క. రెండవ అప్పు వాయిదాయు తప్పినప్పుడు ఆ అక్కను ఆదివారము ఎదుర్కొనలేక ఈమె ఆరాధనకు వచ్చుట మానివేసెను. నేను హాజరుపట్టీలో వరుసగా ఆరు ఆదివారములు గైరుహాజరు వేసితిని. భక్తి చల్లారినదని కూడ అనుకొంటిని. దేవుడు నన్ను క్షమించును గాక.

ప్రియులారా, అత్యవసరమున అప్పు చేయవలసిన దినము పేదవారి యింటికి వచ్చితీరును. అది వచ్చినప్పుడు, గోపురము కట్టగోరినవాడు ముందుగా కూర్చుండి లెక్క చూచుకొనునని ప్రభువు చెప్పినట్లు (లూకా 14:28), అయిదు నిమిషములైనను కూర్చుండుడి. భయము మనలను నిలువనీయదు, అయినను కూర్చుండుడి. మొదట అడుగవలసినది, ఈ ఖర్చులో అప్పు లేకుండ తీరునది ఏదైన నున్నదా అని. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ప్రారంభమైన ఆరోగ్యశ్రీ తెలంగాణలో ఆ పేరుతోనే జరుగుచున్నది. ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్యసేవ అను పేరుతో నున్నది. దానిలో చేరిన ఆసుపత్రులలో ఆరోగ్యమిత్ర అనువారు కూర్చుందురు. కార్డు చూపి, ఈ జబ్బు పథకములో చేరునా, ఏ ఖర్చు మాది, ఏది కాదు అని ఆ మనిషినే అడుగవలెను. మన సహోదరుని కార్డు ఇంటి దూలమునకు సంచిలో వ్రేలాడుచుండెను. మూడవ దినమువరకు ఎవరికిని అది జ్ఞాపకము రాలేదు. నేను ఆ రాత్రి ప్రార్థనతోపాటు ఆ ఒక్క మాట జ్ఞాపకము చేసియున్నను ఆ అప్పు సగము తగ్గెడిది.

ఆ తరువాత చేబదులు. దగ్గరివారిని అడుగుటకు మనకు సిగ్గు. ఎరుగనివాని యొద్ద నోటు వ్రాయుటకు సిగ్గులేదు, తోడబుట్టినవానిని అడుగుటకు ప్రాణము పోవును! మన బైబిలు ఈ ఉపమానములో తలుపు తట్టినవానిని గూర్చి సిగ్గుమాలినవాడు అను మాటనే వాడుచున్నది. వాడు సిగ్గు విడిచి అడిగెను గనుకనే రొట్టెలు దొరికెను. ప్రభువు వానిని తప్పుపట్టలేదు. పొదుపు సంఘములో చేరియున్న అక్కలు ముందుగా ఆ సంఘపు లీడరును అడుగుడి. చెవి కమ్మలో, పుస్తెలో ఉన్నయెడల, వాటిని ఎవరింటనో పెట్టక బ్యాంకులో గాని సహకార పరపతి సంఘములో గాని పెట్టిన వడ్డీ సాధారణముగా నెలకు నూటికి రూపాయికి అటు ఇటుగా నుండును. ఊరిలో అదే నగ మీద రెండో మూడో పడును. నగ పోవునని భయపడి నోటు వ్రాసినవారు చివరకు నగయు అమ్మి, నోటు బాకీయు మిగుల్చుకొనుట నేను చూచియున్నాను.

ఏది తాకట్టు పెట్టరాదో ధర్మశాస్త్రము చెప్పుచున్నది. తిరుగలినైనను దాని పైరాతినైనను పట్టుకొనరాదు, అది పట్టుకొనుట ప్రాణమును పట్టుకొనుటయే అని మోషే విధించెను (ద్వితీ. 24:6). తిరుగలి లేక పిండి లేదు, పిండి లేక రొట్టె లేదు. మన యిండ్లలో తిరుగలి ఏది? ఒకరికి పాడిగేదె, ఒకరికి కుట్టుమిషను, ఒకరికి ఆటో. అప్పిచ్చువాడు దానిని అడిగినను మీరు దానిని ఇయ్యకుడి. అప్పు తీర్చు సాధనమునే ఇచ్చివేసిన తరువాత దేనితో తీర్చెదరు? అంకె వేయని ప్రోనోటు మీద, వ్రాయని చెక్కు మీద, వట్టి స్టాంపు కాగితము మీద సంతకము గాని వేలిముద్ర గాని పెట్టకుడి. ఎంత వ్రాసిరో, ఎంత చేతికిచ్చిరో, ఎన్ని నెలలో, మొత్తము ఎంత కట్టవలెనో, ఈ నాలుగు సంగతులు చదువు వచ్చిన పిల్లవానిచేత ఒక కాగితముమీద వ్రాయించుకొనుడి. కట్టిన ప్రతి వాయిదాకు రసీదు తీసికొనుడి. జామీను ఉండువారు సామెతలు 6వ అధ్యాయము మొదటి అయిదు వచనములు చదివి ఉండవలెను. స్నేహముకొరకు కాదనలేకపోతిని అని తరువాత ఏడ్చిన లాభము లేదు.

ఇప్పుడు ఫోనులోనే అప్పిచ్చు యాపులు బయలుదేరినవి. యౌవనస్థులు పెద్దలకు చెప్పకుండ వీటిలో దిగుచున్నారు. పేర్లు, ఫోటోలు లాగికొని, బాకీ తప్పగానే బంధువులందరికి పంపి పరువు తీయుట కొందరి పద్ధతి. అప్పిచ్చు యాపు మన ఫోనులోని పేర్ల పట్టికను, ఫోటోలను తాకరాదని రిజర్వు బ్యాంకు 2022లోనే ఆదేశించియున్నది. అట్టి బెదిరింపు వచ్చినవారు 1930 అను నంబరునకు ఫోను చేసి ఫిర్యాదు చేయవచ్చును. ఇంటివారికి చెప్పుటకు భయపడి చావును కోరుకొనకుడి.

ఈ చావు మాట వ్రాయుటకు నా చెయ్యి ఆడుట లేదు. అయినను పురుగుమందు డబ్బా మన యిండ్ల చూరులలోనే యున్నది గనుక వ్రాయుచున్నాను. అప్పులవాడు నలుగురిలో తిట్టిన రాత్రి ఎవరికైనను ఆ డబ్బా వైపు మనస్సు పోయినయెడల, ఎంత రాత్రియైనను వచ్చి మా తలుపు తట్టుడి. పొరుగింటి తలుపైనను తట్టుడి. రాత్రివేళయైనను టెలిమానస్‌ 14416కు ఫోను చేయవచ్చును. తెలుగులో మాటలాడువారుందురు, ఖర్చు లేదు. ఆ విధవరాలి కుమారులను దాసులుగా పట్టుకొనిపోవుటకు అప్పులవాడు వచ్చెనని చదివితిమి. నేడు మన దేశమున ఎవరును అప్పుకొరకు మనుష్యుని వెట్టికి పట్టరాదు. 1976లో వచ్చిన వెట్టిచాకిరి రద్దు చట్టము అట్టి అప్పులనే కొట్టివేసెను. చనిపోయినవాని బాకీ కూడ వాని ఆస్తి ఎంత సంక్రమించునో అంతవరకే వారసులమీద నిలుచును. ఏ బాకీయు మీ ప్రాణము ఖరీదు చేయదు. ఫిలేమోను పత్రికలో పౌలు ఒక దాసుని బాకీ తన లెక్కలో వేయుమని తన చేతితోనే వ్రాసి సంతకము పెట్టెను. మన బాకీని తన లెక్కలో వేసికొన్న ప్రభువు మనకున్నాడని ప్రతి ఆదివారము పాడుదుము కదా. సోమవారము అప్పులవాడు వచ్చినప్పుడు మాత్రము మనము ఒంటరివారమా?

ఇక తలుపునకు లోపలివైపు నున్నవారితో మాటలాడవలెను. కొందరికి కోపము రావచ్చును.

మన సంఘములలో ముందు బల్లలమీద కూర్చుండు వారిలో వడ్డీకి ఇచ్చువారున్నారు. పేర్లు చెప్పను, చెప్పనక్కరలేదు. ధర్మవడ్డీయే పుచ్చుకొనుచున్నాము, రెండు రూపాయలే అని వారి సమాధానము. నెహెమ్యా 5వ అధ్యాయము చదువుడి. కరవుకాలమున యూదులు ధాన్యముకొరకు, రాజుకు కట్టవలసిన పన్నుకొరకు పొలములను, ద్రాక్షతోటలను, ఇండ్లను కుదువపెట్టిరి. అప్పిచ్చినవారు పరదేశులు కారు, సొంత సహోదరులే. నెహెమ్యా మిక్కిలి కోపగించి, పెద్దలను సభలో నిలువబెట్టి గద్దించెను. అక్కడ వారు పుచ్చుకొన్నది నూరవ భాగము అని వ్రాయబడియున్నది. దానిని నెలకు నూటికి ఒకటి అని పలువురు వ్యాఖ్యాతలు చెప్పుదురు. అనగా నూటికి రూపాయి వడ్డీ! దానికే నెహెమ్యా అంత మండిపడెను. మన ధర్మవడ్డీ దానికి రెండింతలు. నేను అతని కోపములో పదియవ వంతు కూడ చూపుట లేదు. అయినను అతడు మంచివాడు; తానును, తన సహోదరులును, తన దాసులును సొమ్మును ధాన్యమును అప్పిచ్చియున్నామని ఆ సభలోనే ఒప్పుకొని, మనము ఈ వడ్డీ మానివేయుదము అని తన్నుకూడ కలుపుకొని చెప్పెను.

వసూలుకు పోవు రీతికిని మోషే కట్టడ నియమించెను. తాకట్టు వస్తువు తెచ్చుకొనుటకు అప్పిచ్చినవాడు అప్పు పుచ్చుకొన్నవాని ఇల్లు చొరరాదు, బయట నిలువవలెను, వాడే తెచ్చి ఇయ్యవలెను (ద్వితీ. 24:10, 11). పేదవాని గడపకు కూడ గౌరవమున్నది. ఇన్ని వేల సంవత్సరముల తరువాత మన ప్రభుత్వములు ఆ మాటకే వచ్చుచున్నవి. 2010లో ఆంధ్రప్రదేశ్‌లో సూక్ష్మఋణ సంస్థల బాధలు ముదిరినప్పుడు వచ్చిన చట్టములో వసూళ్లు ఇంటి ముంగిట కాక పంచాయతీ కార్యాలయమువంటి బహిరంగ స్థలమున జరుగవలెనని యుండెను. 2022లో రిజర్వు బ్యాంకు సూక్ష్మఋణములను గూర్చి ఇచ్చిన ఆదేశములలో, ఉదయము తొమ్మిది గంటలకు ముందును సాయంకాలము ఆరు గంటలకు తరువాతను అప్పు పుచ్చుకొన్నవారికి ఫోను చేయరాదనియు, దుర్భాషలాడరాదనియు, ఆ అప్పుకు తాకట్టు అడుగరాదనియు ఉన్నది. బ్యాంకుల పెద్దలకు ఈ మాత్రము తెలిసినప్పుడు, బల్లయొద్ద మనతో కూడ రొట్టె విరుచువారికి తెలియవలదా?

ఒక క్రైస్తవుని సంగతి చెప్పెదను. జర్మనీ దేశమున రైఫైజన్ అను ప్రొటెస్టెంటు భక్తుడుండెను, 1818లో జన్మించెను. వైయర్‌బుష్ అను చిన్న ఊరికి అధికారిగా నుండగా 1846–47 చలికాలమున గొప్ప కరవు వచ్చెను. ప్రభుత్వము ధాన్యము పంపెను గాని, రొక్కము పెట్టినవారికే ఇయ్యుమని ఆజ్ఞాపించెను. రొక్కము ఉన్నవాడు ఆకలితో ఎందుకుండును? ఆయన ఆ ఆజ్ఞను ప్రక్కనబెట్టి, కలిగినవారిని కూడగట్టి, ఒక రొట్టెల పొయ్యి కట్టించి, పేదలకు రొట్టెలను అరువుగా ఇప్పించెను. మూడు రొట్టెలు బదులిచ్చిన స్నేహితుడు ఈయనయే! తరువాత ఆయన ఒక సంగతి నేర్చుకొనెను. ధనవంతుల దయమీద నడచు సంఘము ఆ దయ చల్లారగానే పడిపోవును. అప్పు పుచ్చుకొనువారే సభ్యులై, ఒకరికొకరు పూచీ యుండవలెను. 1864లో హెడ్డెస్‌డార్ఫ్ అను ఊరిలో అట్టి పరపతి సంఘము స్థాపించెను. మన మద్రాసు ప్రభుత్వము పంపగా ఫ్రెడరిక్ నికల్సన్ యూరపులో ఈ సంఘములను పరిశీలించి 1895లోను 1897లోను నివేదిక ఇచ్చెను. ఈ దేశమునకు రైఫైజన్ వంటి మనిషిని వెదకుడని దాని ముగింపు. 1904లో సహకార పరపతి సంఘముల చట్టము వచ్చెను. మీ ఊరి సొసైటీ ఆఫీసు మూలము తెలియవలెనన్న, ఆ రొట్టెల పొయ్యి వరకు పోవలెను.

పెద్ద సొమ్ముతో ప్రారంభింపవలెనని కాదు. మన తల్లులు వంటకు బియ్యము కొలిచినప్పుడు పిడికెడు తీసి కుండలో వేసి దేవునికి తెచ్చెడివారు. ఎన్నో గుడులు ఆ పిడికెడు బియ్యముతో లేచినవి.

పుచ్చుకొన్నవారికి ఒక్క మాట. ఎలీషా ఆ విధవరాలితో నూనె అమ్మి మొదట అప్పు తీర్చుమనియు, మిగిలినదానితో బ్రదుకుమనియు చెప్పెను. వరుస మార్చకుడి. చేబదులుకు కాగితము లేదు గనుక దానిని చివరకు తీర్చుట మన దుర్గుణము. తిట్టువానికి ముందు కట్టి, మంచివానికి ఎగవేయుదుము. ఆ మంచివాడు మరియొకనికి తలుపు తీయకపోయిన, ఆ పాపము ఎవరిది?

నేను చెప్ప మొదలుపెట్టిన సంగతి ముగించవలెను. ఏడవ ఆదివారము గడచిన తరువాత జామీను నున్న అక్క ఏడ్చుచు వచ్చి నాకంతయు చెప్పెను. సోమవారము సాయంకాలము నేను ఆ యింటికి పోతిని. తలుపు వేసియుండెను. తట్టితిని. లోపల అలికిడి నిలిచిపోయెను. వసూలుకు వచ్చినవాడని అనుకొనిరి. “అమ్మా, నేను, పాస్టరుని” అంటిని. చాల సేపటికి గడియ తీసిరి. ఆమె నన్ను చూచి ఒక్క మాటయు అనక, చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చెను. ఆ నీళ్లు త్రాగుట నాకు కష్టమాయెను. తరువాత ఎలీషా అడిగిన రెండు ప్రశ్నలు అడిగితిని, ఏడు వారములు ఆలస్యముగా.

ఆ వారమే పెద్దలను సమకూర్చి ఆ రాత్రి జరిగినది దాచక చెప్పితిని. గోడ సొమ్ములో ఇరువది అయిదు వేలు తీసి వడ్డీలేని చేబదులు నిధిగా ఉంచవలెనని అడిగితిని. ఇచ్చినది తిరిగి రాదు, సంఘము నష్టపోవును అని ఇద్దరు గట్టిగా అభ్యంతరపెట్టిరి. వారి భయము న్యాయమైనదే. రెండు గంటలు మాటలాడిన తరువాత, ఒక్కొక్కరికి అయిదు వేలకు మించకుండ, పెద్దలు ఇద్దరి సంతకముతో, ఆరు నెలల గడువుతో ఇచ్చుటకు ఒప్పుకొనిరి. మొదటి అయిదు వేలు ఆ సహోదరియొక్క రోజువారీ బాకీలోనికి పోయెను. ఇప్పటికి పదునొకండుగురు పుచ్చుకొనిరి. తొమ్మండుగురు పూర్తిగా తీర్చిరి, వారిలో ఆమెయు ఒకతె. ఒకరు కొంచెము కొంచెముగా తీర్చుచున్నారు. ఒకరు ఊరు విడిచి పోయిరి.

గోడ మోకాలి ఎత్తున ఆగియున్నది. ఆరాధన జరుగుచుండగా మేకలు దాటి వచ్చి వాకిట పడుకొనుచున్నవి. పోయిన నెల పెద్దల కూటములో ఒకరు గోడ సంగతి మరల ఎత్తిరి. ఈ సంవత్సరము వలదని తీర్మానించితిమి.